వేసవి లగ్గానికి పట్టుచీర: కాంచీపురమా, గద్వాలా?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. వైశాఖ మాసంలో నా పెళ్ళి నిశ్చయమైంది. లగ్నం పగలు పదకొండు దాటిన తరువాత ఉంది, ఫంక్షన్ హాలు ఊరి బయట ఉంది. ఆ రోజులలో నల్లగొండ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. వేదిక ఉన్న చోట ఏసీ లేదని, కూలర్లు మాత్రమే పెడతామని హాలువాళ్ళు ముందే చెప్పారు.

మా అమ్మ, మేనత్త ఇద్దరూ వెడల్పాటి జరీ అంచు ఉన్న కాంచీపురం పట్టుచీరే కొనాలని పట్టుబట్టారు. లగ్గం చీర తేలికగా ఉంటే బంధువులలో మాట వస్తుందని వారి భయం. నా ఎత్తు 5 అడుగులు. కొంచెం బొద్దుగా ఉంటాను, ఒంటి రంగు చామనఛాయ. చీర కట్టుకొనే అలవాటు పండుగలకు తప్ప పెద్దగా లేదు. అంగట్లో అద్దం ముందు నిలబెట్టి, భుజం మీద కొంగు వేసి చూపించినప్పుడు ప్రతి చీరా బాగున్నట్టే అనిపిస్తోంది, కాని అదే చీరతో హోమం పక్కన మూడు నాలుగు గంటలు కూర్చోవాలన్న సంగతి తలచుకుంటే ఏదీ తేల్చుకోలేకపోతున్నాను.

గద్వాల చీర కట్టుకోవాలని నాకు మనసులో ఉంది. అది లగ్నానికి తగినంత నిండుగా ఉంటుందా? పొట్టిగా, బొద్దుగా ఉన్నవారికి ఎటువంటి అంచు, ఎటువంటి జాకెట్టు నప్పుతాయి? మగ్గం పని జాకెట్టు వేసుకొని చేతులు పైకెత్తి తలంబ్రాలు పోయడం కష్టమని మా అక్క అంటోంది. అది నిజమేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం (గద్వాల, చేనేత కుటుంబం)

చెల్లెమ్మా, మా ఇంట్లో మగ్గం ఉంది కనుక నేను గద్వాల పక్షాన మాట్లాడుతున్నానని అనుకున్నా పరవాలేదు. అయినా ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. గద్వాల చీర అనగానే అందరూ ఒకే రకం అనుకుంటారు. పాత పద్ధతిలో ఒడలు, అంటే చీర మధ్య భాగం, నూలుతోను, అంచు, కొంగు పట్టుతోను ఉంటాయి. ఇప్పుడు పట్టు, నూలు కలిపి నేసే సీకో చీరలూ వస్తున్నాయి, పూర్తిగా పట్టుతో నేసినవీ వస్తున్నాయి. లగ్నానికి నూలు ఒడలు చీర మీ అమ్మగారికి నచ్చకపోతే పూర్తి పట్టు గద్వాల అడగండి. కోటకొమ్మ అంచు, నిండు కొంగు ఉన్న చీర వేదిక మీద కాంచీపురానికి ఏమాత్రం తీసిపోదు.

గద్వాల నేతలో అంచును ఒడలితో పాటే, వేరే కండెతో నేస్తారు. ప్రతి వరుసలోనూ ఒడలి పేక (అడ్డు) పోగును అంచు పేక పోగుతో మెలివేసి కలుపుకుంటూ పోవాలి. దీనినే కుప్పడం అంటారు. కొంగు మొదలయ్యే చోట పడుగును (నిలువు పోగులను) కూడా కలపవలసి ఉంటుంది. ధరలో ఎక్కువ భాగం ఈ పనిదే. కొనేటప్పుడు అంచును తిరగేసి చూడండి. కుప్పడం నేతలో ఒడలి రంగు అంచులోకి పాకదు, రెండూ కలిసే చోట వేలితో తడిమితే సన్నని గీత తగులుతుంది. రంగులు ఒకదానిలోకి ఒకటి చొరబడినట్టు ఉంటే అది గద్వాల పేరుతో అమ్ముతున్న మరమగ్గం చీర అయ్యే అవకాశం ఎక్కువ. గద్వాల చీరలకు భౌగోళిక గుర్తింపు ఉన్నది నిజమే, కాని బోర్డు మీద ఆ పేరు రాసుకున్న ప్రతి అంగట్లోనూ అసలు సరుకే ఉంటుందని నమ్మడానికి లేదు. పట్టు విషయంలో మాత్రం అసలు పట్టని తెలిపే సిల్క్ మార్క్ హోలోగ్రామ్ ఉన్న చీటీ అడగండి.

ఇక ఎండ సంగతి. పట్టుచీర ఉక్కపోస్తుందని అందరూ అంటారు గాని, ఆ ఉక్కలో పట్టు పాపం చాలా తక్కువ. సాధారణ వాతావరణంలో పట్టు తన బరువులో సుమారు 11 శాతం, నూలు 8.5 శాతం తేమను పట్టుకోగలవు, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోలేదు. కనుక చెమట పీల్చే గుణం పట్టుకు బాగానే ఉంది. బరువు, వేడి, గుచ్చుకోవడం ఇవన్నీ జరీ వల్ల వచ్చేవి, లేదా పట్టు పేరుతో అంటగట్టిన కృత్రిమ దారం వల్ల వచ్చేవి. ఒడలంతా జరీ నిండిన బ్రొకేడ్ చీర ఎక్కడ నేసినదైనా వైశాఖంలో కష్టమే. ఒడలు సాదాగానో, దూరదూరంగా చిన్న బుటాలతోనో ఉండి, జరీ అంతా అంచులోను, కొంగులోను ఉన్న చీర తీసుకోండి. రెండు చీరల మధ్య తేల్చుకోలేకపోతే అంగట్లోనే కాటాలో పెట్టించండి. పావు కిలో తేడా చేతిలో పెద్దగా తెలియదు, నడుము దగ్గర దోపుకున్నాక మధ్యాహ్నానికి తెలుస్తుంది.

సమాధానం (మిర్యాలగూడ నుంచి, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసిన తల్లి)

అమ్మాయీ, పై సోదరుడు చెప్పినవి సబబుగానే ఉన్నాయి, కాని కాంచీపురాన్ని అంత తొందరగా పక్కన పెట్టవద్దు. మంచి కాంచీపురం పట్టుకు ఒక గుణం ఉంది. కుచ్చిళ్ళు ఎక్కడ పెడితే అక్కడే నిలబడతాయి, లేచి కూర్చున్నా పెద్దగా నలగవు. నూలు ఒడలు గద్వాల ఒంటికి హాయిగా ఉంటుంది గాని, చెమటకు మెత్తబడి, పీట మీద కూర్చొని లేచేసరికి వెనుక భాగమంతా ముడతలు పడుతుంది. జీవితాంతం దాచుకొనే ఫోటోలలో ఆ ముడతలే కనిపిస్తాయి. కనుక నూలు ఒడలా, పట్టు ఒడలా అన్నది ముందు తేల్చుకోవలసిన విషయం, ఊరి పేరు ఆ తరువాతి సంగతి. సన్నని అంచు, చిన్న బుటాల కాంచీపురం కూడా దొరుకుతుంది, అయితే పెళ్ళి చీర అనగానే అంగడివారు అది చూపించరు, మనమే అడగాలి.

దీనికన్నా ముఖ్యం, మీ ఇంటి ఆచారంలో ఏ ఘట్టానికి ఏ చీర కడతారో పెద్దవారిని ఇప్పుడే అడిగి తెలుసుకోండి. మా వైపు కొన్ని ఇళ్ళలో జీలకర్ర బెల్లం వరకు పట్టుచీర, తరువాత పుస్తెలు కట్టే సమయానికి తెల్లని మధుపర్కం కడతారు. కొన్ని ఇళ్ళలో మొదటి నుంచీ మధుపర్కమే. మీ ఇంట్లో అలా ఉంటే ఆ ఎండలో మీరు ఎక్కువసేపు ఉండేది ఎర్రంచు తెల్ల నూలు చీరలోనే. మీ అమ్మగారు పట్టుబడుతున్న బరువు చీర ఒంటి మీద ఉండేది కొద్దిసేపు మాత్రమే అవుతుంది, ఈ గొడవ చాలావరకు అక్కడే తీరిపోతుంది. మధుపర్కానికి పలుచని నూలు ఎంచుకోవద్దు. వెనుక నుంచి లైట్లు పడితే లంగా అంచు కనిపిస్తుంది. గద్వాలలోగాని నారాయణపేటలోగాని కాస్త దిట్టమైన నేత నూలు చీర చూసుకోండి. పసుపు మరకలు ఎలాగూ పడతాయి, వాటి గురించి దిగులు పెట్టుకోకండి.

బంధువులు ధర అడుగుతారన్నది నిజం. మీ అమ్మగారికి కావలసింది వారికి చెప్పడానికి ఒక జవాబు. పూర్తి పట్టు గద్వాల ధర ఒకసారి ఆమెకు చూపించండి, తేలిక చీర అన్న మాట ఇక రాదు.

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి, దర్జీ పని చేసే మహిళ)

నేను పెళ్ళికూతుళ్ళ జాకెట్టులే ఎక్కువగా కుడతాను. చీర మీద జరిగే చర్చలో సగమైనా జాకెట్టు, లంగాల మీద జరగదు, పెళ్ళిలో బాధపెట్టేవి మాత్రం ఎక్కువగా ఆ రెండే.

మొదట మీ ఎత్తు సంగతి. చీర వెడల్పు మామూలుగా 46 నుంచి 48 అంగుళాలు ఉంటుంది. 5 అడుగుల ఎత్తున్న అమ్మాయికి నడుము నుంచి నేల వరకు 37, 38 అంగుళాలకు మించి అవసరం ఉండదు. మిగిలిన ఎనిమిది నుంచి పదకొండు అంగుళాల బట్ట నడుము దగ్గర లోపలికి దోపవలసి వస్తుంది. చీరకు రెండు వైపులా వెడల్పాటి జరీ అంచు ఉంటే ఆ పై అంచు మొత్తం పొట్ట మీదికి వస్తుంది. ఎంత సన్నని నడుమైనా అక్కడ లావుగా కనిపిస్తుంది, కూర్చున్నప్పుడు జరీ గుచ్చుకుంటుంది. కాబట్టి మీవంటి ఎత్తువారు కింది అంచు మాత్రమే కాస్త వెడల్పుగా, పై అంచు సన్నగా ఉన్న చీర వెతుక్కోవాలి. కింది అంచు కూడా జానెడు దాటితే ఎత్తును రెండు ముక్కలుగా కోసినట్టు కనిపిస్తుంది, నాలుగైదు అంగుళాల అంచు సరిపోతుంది. అంచు రంగు ఒడలి రంగుకు మరీ ఎదురుగా లేకుండా, అదే వన్నెలో కాస్త ముదురుగా ఉంటే ఇంకొంచెం ఎత్తుగా కనిపిస్తారు. చేనేతవారికి ముందుగా చెప్పి నేయించుకొనే వీలుంటే పై అంచు సన్నగా పెట్టమని అడగండి.

లంగా విషయంలో ఈ మధ్య ఒక కొత్త చిక్కు వచ్చింది. సన్నగా కనిపించాలని ఒంటికి అతుక్కొనే ఫిష్‌కట్ లంగాలు, షేప్‌వేర్ వేసుకుంటున్నారు. నిలబడి ఫోటో దిగడానికి అవి బాగుంటాయి. మన పెళ్ళిలో పీట మీద మఠం వేసుకొని కూర్చోవాలి, మోకాళ్ళ దగ్గర ఘేరు (వెడల్పు) లేని లంగాతో అది సాధ్యం కాదు, పక్కకు కాళ్ళు మడిచి కూర్చుంటే కుచ్చిళ్ళన్నీ ఒకవైపు లాగేస్తాయి. పెళ్ళికి ఆరు కలీల (ముక్కల) నూలు లంగా కుట్టించుకోండి. నడుము పట్టీ రెండు అంగుళాల వెడల్పుతో, లోపల నాడాతో ఉంటే చీర బరువు ఒకే గీత మీద పడదు, సాయంత్రానికి నడుము మీద ఎర్రని చార మిగలదు. షేప్‌వేర్‌ను రిసెప్షన్‌కు దాచుకోండి.

జాకెట్టు గురించి మీ అక్క చెప్పింది నిజమే, కాని తప్పు మగ్గం పనిది కాదు, కత్తిరింపుది. చేయి పైకి లేవాలంటే చంక గుండ్రం వీలైనంత పైకి, ఒంటికి దగ్గరగా ఉండాలి. వదులుగా ఉంటే సుఖమనుకొని చంకను కిందికి దించమని అడుగుతారు, అప్పుడు చేయి ఎత్తిన ప్రతిసారీ జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. మగ్గం పని చేయించేటప్పుడు చేతి లోపలి వైపు, ఒంటికి రాసుకొనే మూడు అంగుళాలు ఖాళీగా వదలమనండి. అక్కడ జర్దోసీ ఉన్నా ఎవరికీ కనిపించదు, చర్మం మాత్రం గీరుకుపోతుంది. మోచేతి వరకు వచ్చే చేయి మీకు నప్పుతుంది, అయితే అంచు సరిగ్గా మోచేయి మీద కాకుండా ఒక అంగుళం పైనే ఆగిపోవాలి. కొలత తీసుకొనేటప్పుడు చేయి మడిచి కూడా చూసుకోమనండి. లోపలి లైనింగ్ నూలుదే ఉండాలి. శాటిన్ లైనింగ్ వేసవిలో ఒంటికి అంటుకుంటుంది.

వీపు వైపు మరీ లోతుగా కోయించుకొని, దోరీలు, వేలాడే కుచ్చులు పెట్టించుకోవడం ఇప్పుడు వాడుక. పుస్తెలు కట్టే సమయంలో ఆడపడుచు పూలజడను పైకి పట్టుకుంటుంది, వరుడి వేళ్ళు మెడ వెనుక ముడి వేస్తుంటాయి, సరిగ్గా అక్కడే ఈ దోరీలు, జడ, పుస్తెల తాడు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. దోరీ కావాలంటే మెడకు మూడు అంగుళాల కిందికి పెట్టించండి. ముందు మెడ లోతు గురించి ఒకటే మాట: తలంబ్రాలలో బియ్యంతో పాటు ముత్యాలు, రంగు రంగుల థర్మోకోల్ పూసలు కలుపుతున్నారు, లోతు మెడ జాకెట్టులోకి అవన్నీ చేరితే అప్పగింతల దాకా గుచ్చుకుంటూనే ఉంటాయి.

పెళ్ళికి ముందు చాలామంది అమ్మాయిల బరువు మారుతుంది. పక్క కుట్లలో రెండు వైపులా ఒక్కో అంగుళం చొప్పున బట్ట వదిలించుకోండి. మగ్గం పని పక్క కుట్టు దాకా వస్తే తరువాత విప్పడానికి వీలుండదు, ఈ మాట పనివారికి ముందే చెప్పాలి. మొదటి తొడుగుడు పెళ్ళికి నెల ముందు, చివరిది వారం ముందు పెట్టుకోండి. తొడుక్కున్నాక అద్దం ముందు నిలబడి ఊరుకోకుండా నేల మీద కూర్చోండి, రెండు చేతులు తల మీదికి ఎత్తండి, దండ వేస్తున్నట్టు ముందుకు వంగండి.

సమాధానం (చౌటుప్పల్ నుంచి)

రంగు గురించి ఎవరూ చెప్పలేదు కనుక రెండు మాటలు. చామనఛాయకు లేత గులాబీ, లేత పుదీనా రంగులు ఫోటోలో వెలవెలబోతాయి. మామిడిపండు పసుపు, ముదురు ఎరుపు, వంగపండు, చిలకపచ్చ బాగా నిలబడతాయి. అంగడి దీపాల కింద ఎరుపనుకున్నది బయట ఎండలో నారింజగా తేలవచ్చు. మీ పెళ్ళి పగటిపూట కాబట్టి చీరను గుమ్మం దాకా తెచ్చి చూడండి, ఇష్టం లేకపోయినా అంగడివారు కాదనరు.

మాకు దగ్గరలోనే పోచంపల్లి, పుట్టపాక ఉన్నాయి. ఇక్కత్ పట్టు నాకెంతో ఇష్టం. పుట్టపాకలో నేసే ఇక్కత్ రకమైన తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా మీ లగ్నానికి ఇక్కత్‌ను సూచించను. ఒడలంతా పెద్ద పెద్ద పలకల నమూనా ఉంటే పొట్టిగా ఉన్నవారిని ఇంకా పొట్టిగా చూపిస్తుంది, పైగా పూలదండ, నగలు, వడ్డాణం అన్నీ పడ్డాక ఆ నేత పనితనం ఎవరికీ కనిపించదు. నగలు తక్కువ పెట్టుకొనే వ్రతం రోజుకు చిన్న నమూనా ఇక్కత్ కొనుక్కోండి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి మీదుగా చౌటుప్పల్ వస్తే అక్కడి నుంచి రెండు ఊళ్ళూ దగ్గరే, ఒక్క రోజులో చూసి వెళ్ళవచ్చు.

అడిగినవారి మాట

అందరికీ ధన్యవాదాలు. మధుపర్కం గురించి ఇంట్లో అడిగాను. మా ఆచారంలో పుస్తెలు కట్టడానికి ముందే మధుపర్కం కట్టుకోవాలట, ఈ సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకొని నేల మీద మఠం వేసుకొని కూర్చొని చూశాను. దర్జీ అక్క చెప్పినట్టే పై అంచు జరీ పొట్ట దగ్గర గుచ్చుకొంది. అమ్మ కూడా పక్కనే ఉండి చూసింది కనుక ఇక వాదన రాలేదు. జీలకర్ర బెల్లానికి ముదురు ఎరుపు అంచుతో మామిడిపండు రంగు పూర్తి పట్టు గద్వాల, తరువాత నూలు మధుపర్కం, కాంచీపురం చీర సాయంత్రం రిసెప్షన్‌కు అని రాజీ కుదిరింది. రిసెప్షన్ హాలులో ఏసీ ఉంది.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఎత్తు కోసం మడమ చెప్పులు వేసుకోవాలని అనుకుంటున్నాను, ఫాల్‌ను వాటికి తగ్గట్టు కుట్టించాలా? పట్టుచీర నుంచి మధుపర్కానికి మార్చుకోవడానికి పదిహేను నిమిషాలకు మించి ఇవ్వలేమని అయ్యగారు అన్నారు. అంత తక్కువ సమయంలో ఎలా?

సమాధానం (మహబూబ్‌నగర్, దర్జీ)

ఫాల్ ఎప్పుడూ కింది అంచు వెంటే కుడతారు, దానికి చెప్పులతో సంబంధం లేదు. మీరు చూసుకోవలసింది కట్టే ఎత్తు. వేదిక మీదికి చెప్పులు రావు. మడమ చెప్పులు వేసుకొని చీర కట్టించుకొని, వేదిక దగ్గర వాటిని విడిచేస్తే రెండు మూడు అంగుళాల అంచు కాళ్ళ కిందికి వస్తుంది. అగ్ని చుట్టూ తిరిగేటప్పుడు అది తొక్కుకొని కుచ్చిళ్ళు ఊడిపోతాయి, మంట పక్కనే జరుగుతుంది కనుక అది ప్రమాదం కూడా. లగ్నం చీర, మధుపర్కం రెండూ వట్టి కాళ్ళతో నిలబడి, అంచు పాదం మీద ఆనేటట్టు కట్టించుకోండి. మడమ చెప్పులు రిసెప్షన్‌కు సరిపోతాయి, అవి వేసుకున్న తరువాతే కాంచీపురం కట్టాలి.

చీర మార్చుకోవడానికి పదిహేను నిమిషాలు చాలు, కాని సరంజామా ముందు రోజే సిద్ధం కావాలి. రెండు చీరలకూ ఒకే జాకెట్టు కుదిరేటట్టు చూసుకోండి. మీ గద్వాల అంచు ఎరుపే, మధుపర్కం అంచు కూడా ఎరుపే కాబట్టి ఎర్ర జాకెట్టు రెండింటికీ పనికివస్తుంది, నగలు, జడ కదపవలసిన పని ఉండదు. లంగా విషయం వేరు, తెల్ల చీర కింద ముదురు రంగు కనిపిస్తుంది కాబట్టి మొదటి నుంచీ గోధుమ రంగు లంగానే వేసుకోండి, పూర్తి పట్టు కింద అది తెలియదు. మధుపర్కం కొత్తదైతే ఒకసారి నీళ్ళలో జాడించి గంజి వదిలించి, ఆరాక కుచ్చిళ్ళు, కొంగు మడతలు ఇస్త్రీ చేయించి క్లిప్పులు పెట్టి హాంగర్‌కు వేలాడదీయండి. వడ్డాణం వెనుక కొక్కెం ఉన్నది తీసుకుంటే చీర మార్చేటప్పుడు తీసి పెట్టడం సులువు. పిన్నులను కొంగు దగ్గర జరీ మీద గుచ్చకుండా జరీకి, ఒడలికి మధ్య గుచ్చమని కట్టేవారికి చెప్పండి, లేకపోతే కొత్త పట్టుచీర మొదటి రోజే చిరుగుతుంది. పికో, ఫాల్ పనులకు మాత్రం ఆఖరి వారం దాకా ఆగకండి. వైశాఖంలో మా అందరి దగ్గరా పని పేరుకుపోయి ఉంటుంది.